అన్ని ముక్కలూ నా పళ్లెంలోకే

ఆ హోటల్ రెండో అంతస్తులో ఉంది. మెట్లెక్కుతున్నప్పుడే అనుకున్నాను, పైకెళ్లి కూర్చున్నాక మంచినీళ్లు పెట్టేలోపు చెప్పేయాలని. చెప్పాల్సింది పెద్ద పురాణమేమీ కాదు. "ఆ రోజు ఆ మాట అన్నది పిచ్చుక కాదు, నేను." అంతే. ఇంట్లో గిన్నెలు తోముతూ వారం రోజులుగా అనుకుని చూసుకున్నాను, తడుముకోకుండా వచ్చింది. మెట్ల మీద కూడా వచ్చింది. పైన తలుపు తోసి లోపల అడుగు పెట్టేసరికి గొంతులోనే ఎక్కడో దాక్కుంది.

ఆ భవనానికి లిఫ్టు ఉంది. మా అబ్బాయి లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆ లిఫ్టు బాగుచేయడానికి వెళ్లినప్పుడే ఆ హోటల్ సంగతి తెలుసుకున్నాడు. మోకాళ్ల నొప్పులతో మెట్లెందుకమ్మా అన్నాడు. మెట్లే ఎక్కుతానన్నాను. లిఫ్టు మరీ తొందరగా పైకి తీసుకుపోతుంది, నాకు కాస్త వ్యవధి కావాలి.

పిచ్చుక అంటే నా ఆడపడుచు. చిన్నప్పుడు పిడికెడు మెతుకులు తిని లేచిపోయేదట, ఆ పేరు అలా అంటుకుపోయింది. ఇప్పుడు అరవై రెండు. నేను కాపురానికి వచ్చేనాటికి తనకి పధ్నాలుగు. నా పక్కలోనే పడుకుని పెరిగింది. పెళ్లి చేసుకోలేదు, ఎవరైనా అడిగితే తీరిక దొరకలేదనేది. దర్జీలకి కాజాలు కుట్టి ఇస్తుంది. మా ఆయన పోయి ఆరేళ్లయింది, ఆయన ఉన్నా లేకపోయినా ఆ ఇల్లు ఆమెదే అనుకున్నాం అందరం.

ఆమె గది వీధి వైపు ఉంటుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా వెలుగు తగ్గదు. కిటికీ కింద కుట్టు మిషను, గోడకి కొట్టిన మేకులకి రంగుల వరసన దారపు ఉండలు, గుండీలు పోసిన గాజు సీసాలు. దర్జీలు లోపలికి కూడా రారు, కిటికీలోంచే చొక్కాల మూట అందించి పోతారు, కిటికీలోంచే పట్టుకుపోతారు. కాజా కుట్టడానికి వెలుగే పెట్టుబడి. ఆ గది పోతే ఆమె పని కూడా పోయినట్టే.

ఆ గదే పోబోతోంది, నా మూలంగా.

మా కోడలు కళ్లద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. పాపకి పదో నెల నిండింది, వచ్చే సోమవారం నుంచి కోడలు పనిలోకి వెళ్లాలి. పాకే పిల్ల వెనక పరిగెత్తే మోకాళ్లు నాకు లేవు. కోడలి తల్లి, అంటే మా వియ్యపురాలు, వచ్చి మా ఇంట్లో ఉండి పిల్లని చూసుకుంటే బాగుంటుందనుకున్నాం. ఫోన్ చేస్తే ఎగిరి గంతేసింది. ఒక్క మాట మాత్రం చెప్పింది.

"వదినగారూ, మీ మీద నాకు ఇంత కోపం కూడా లేదు. కానీ మీ ఆడపడుచు ఉన్న ఇంట్లో నేను ఉండలేను. ఆవిడ ముఖం చూస్తూ ముద్ద దిగదు నాకు. అర్థం చేసుకోండి."

ఫోన్ గొంతు పెద్దది. పక్కన కూర్చుని దారం ఎక్కిస్తున్న పిచ్చుకకి ప్రతి అక్షరం వినపడింది. దారం ఎక్కించడం పూర్తి చేసి, ముడి వేసి, అప్పుడు తలెత్తింది.

"నేను చిన్నన్నయ్య ఇంటికి పోతాలే వదినా. రానిమ్మను ఆవిణ్ణి."

చిన్నన్నయ్య ఇల్లు నాలుగో అంతస్తు, వెనక వైపు. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి. ఆ కిటికీకి ఏ దర్జీ వచ్చి మూట అందిస్తాడు? ఆ సంగతి నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు. అయినా ఆ సాయంత్రమే మిషనుకి ముసుగు వేసేసింది.

ఇంతకీ ఆ మాటేమిటో చెప్పాలి.

మా వియ్యపురాలు ఇరవై ఏళ్లు మాంసం కొట్టు నడిపింది. భర్త పోయాక తనే కత్తి పట్టి, ఆ కొట్టు మీదే కూతుర్ని చదివించింది. పోయినేడు కుడి మణికట్టు అరిగిపోయిందని డాక్టరు చెబితే కొట్టు తమ్ముడికి అప్పగించింది. మేము చూస్తే తరతరాలుగా మాంసం ముట్టని వాళ్లం. పిల్లలిద్దరూ ఇష్టపడ్డారు, మేము సరే అన్నాం. నాలుగేళ్ల కిందట ఆవిడ మొదటిసారి మా ఇంటికి వచ్చింది. కొట్టు మూసి, ఇంటికెళ్లి స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, పళ్లబుట్ట పట్టుకుని వచ్చింది. హాల్లో కూర్చోబెట్టి, నేనూ పిచ్చుకా టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాం.

"ఎంత శుభ్రంగా ఉందో చూశావా వదినా. దగ్గరికెళ్తే సబ్బు వాసన గుప్పుమంది" అంది పిచ్చుక.

నేను ముక్కుతో చిన్న నవ్వు నవ్వాను. "ఎన్ని నీళ్లు పోసుకుంటే మాత్రం, ఆ నీచు ఎక్కడికి పోతుంది" అన్నాను.

నీచు అనేది మా ఇంట్లో రోజూ వాడే మాట. చేపల బండి వీధిలోకి వస్తే నీచు వాసన అంటూ కిటికీ మూసేవాళ్లం. మా అమ్మ అనేది, నేనూ అన్నాను. ఆ మాటలో ఒక మనిషిని పడగొట్టేంత బరువు ఉంటుందని అప్పటిదాకా ఎప్పుడూ తూచి చూడలేదు. వంటింటికీ హాలుకీ మధ్య గిన్నెలు అందించుకునే కిటికీ ఒకటి ఉంది. దాని రెక్క ఓరగా తెరిచి ఉంది.

టీ పట్టుకెళ్లేసరికి హాల్లో ఎవరూ లేరు. పళ్లబుట్ట ఉంది. మా అబ్బాయి తన గదిలోంచి వచ్చి వీధిలోకి పరిగెత్తాడు, ఐదు నిమిషాల్లో తిరిగొచ్చాడు.

"ఎవరన్నారు ఆ మాట? ఆవిడ ఏడుస్తూ వెళ్లిపోయారు. లోపల్నించి వినిపించిందట. ఎవరన్నారు?"

నేను పిచ్చుక వైపు చూశాను. నేను చేసిందల్లా అదే. నోటితో అబద్ధం ఆడలేదు, కళ్లతో ఆడాను. పిచ్చుక కూడా నా వైపు చూసింది, ఒక్క క్షణం. తర్వాత కప్పులు పళ్లెంలో సర్దుకుంటూ, "నోరు జారిందిరా. నాదే తప్పు" అంది.

పెళ్లి చెడిపోతుందన్న భయంతో ఊరుకున్నానని అప్పట్లో నాకు నేను సర్ది చెప్పుకున్నాను. నిజం అది కాదు. మా అబ్బాయి ముఖంలో అసహ్యం చూశాను. అది నా వైపు తిరగకూడదనుకున్నాను. తిరగలేదు. మేనత్త వైపు తిరిగింది, మళ్లీ నిండుగా ఆమె వైపు చూసి మాట్లాడటానికి వాడికి ఆరు నెలలు పట్టింది.

పెళ్లి జరిగింది. వియ్యపురాలు నన్ను సొంత వదినలా చూసుకుంది. రోజూ ఫోన్ చేసేది. నా కంటికి ఆపరేషన్ జరిగితే ఆసుపత్రిలో మూడు రోజులు మంచం పక్కనే కూర్చుని కంట్లో చుక్కలు వేసింది. "మీలాంటి వాళ్లు ఆ ఇంట్లో ఉండబట్టి మా అమ్మాయి బతికిపోయింది" అనేది. ఆ మాట అన్నప్పుడల్లా కంట్లో మందు మండుతోందని చెప్పి కళ్లు మూసుకునేదాన్ని. పిచ్చుక మాత్రం నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆ విషయం ఎత్తలేదు. నేనే ఒకసారి ఎత్తబోతే, "కాజా కుట్టేటప్పుడు మాట్లాడించకు వదినా, లెక్క తప్పుతుంది" అంది.

ఇదీ కథ. సోమవారం ఎవరు రావాలి, ఎవరు పోవాలి తేల్చుకోవడానికి ఆదివారం మధ్యాహ్నం అందరం కలిసి భోజనానికి వెళ్దామంది కోడలు. మా ఇంట్లో వండితే వాళ్లమ్మ రాదు, వాళ్లమ్మ ఇంట్లో వండితే మేము తినలేం. అప్పుడు మా అబ్బాయి ఈ హోటల్ పేరు చెప్పాడు.

తలుపు మీద బోర్డు ఉంది. "శుద్ధ శాకాహారం. మాంసం తినేవారు తప్పక రావలెను." లోపల చూస్తే నిజంగానే వచ్చారు. కండలు తిరిగిన మనుషులు, లారీ డ్రైవర్లు, పక్క వీధి వ్యాయామశాల కుర్రాళ్లు, చొక్కా చేతులు పైకి మడిచి పళ్లేల మీద పడి ఉన్నారు. మాలాంటి వాళ్లు రెండు బల్లల దగ్గర బిక్కుబిక్కుమంటూ కూర్చుని, ముక్కని చెంచాతో పొడిచి చూసుకుంటున్నారు.

బల్లకి ఒక వైపు నేనూ వియ్యపురాలూ, ఎదురుగా అబ్బాయీ కోడలూ, వాడి ఒళ్లో పాప. పిచ్చుక బల్ల చివర, నడిచే దారి పక్కన కూర్చుంది. వడ్డించేవాళ్లు వస్తూ పోతూ ఆమె భుజాన్ని రాసుకుంటూ వెళ్తున్నారు. ఇటు జరగమని ఎవరూ అనలేదు. నేను అనబోయాను. ఇటు జరిగితే వియ్యపురాలి పక్కకి రావాలి.

మంచినీళ్లు పెట్టారు. చెప్పలేదు. చేతులు కడుక్కుని వచ్చాక చెబుదామనుకున్నాను. కడుక్కుని వచ్చాను.

కోడలు ధరల కాగితం తీసి చదవడం మొదలుపెట్టింది. "పక్కటెముకలు. తొడ ముక్క. కాలేయం వేపుడు. మెడ ముక్కల పులుసు."

"ఇది భోజనాల కాగితమా, ఆసుపత్రి చీటీనా" అన్నాను.

వియ్యపురాలు పకపకా నవ్వి నా మోచెయ్యి పట్టుకుంది. "వదినగారు మాట్లాడితే చాలు, ఆకలేస్తుంది నాకు" అంది.

వడ్డించే ఆయన వచ్చాడు. సన్నగా పొడుగ్గా, చెవి మీద కలం పెట్టుకుని ఉన్నాడు. "పేర్లు చూసి భయపడకండమ్మా. పక్కటెముకలంటే గోధుమపిండిని కడగ్గా కడగ్గా మిగిలే జిగురు ముద్ద. ఎముక బదులు చెరకు ముక్క గుచ్చుతాం. తొడ అంటే సోయా. కాలేయం అంటే పుట్టగొడుగు."

"మరి అంత కష్టపడి అబద్ధం ఎందుకు?" అంది వియ్యపురాలు. "పుట్టగొడుగుని పుట్టగొడుగనే చెప్పొచ్చుగా."

"పుట్టగొడుగంటే ఎవరూ రారమ్మా" అన్నాడాయన. "అబద్ధం చెప్తే మెట్లెక్కి వస్తారు. తిన్నాక నిజం చెప్తే ఏమీ అనుకోరు."

ఆ మాట నాకోసమే అన్నట్టనిపించింది. నీళ్ల గ్లాసు ఎత్తి తాగాను.

పక్కటెముకలు వచ్చాయి. నల్లగా కాలి, మెరుస్తూ, పొగ వాసనతో ఉన్నాయి. మా వియ్యపురాలు తినలేదు ముందు. ముక్కని పళ్లెంలో అటూ ఇటూ తిప్పింది, వేలితో నొక్కింది, చిన్న కత్తి తీసుకుని కొస కోసి లోపల చూసింది. అద్దాలు పెట్టుకుని మరీ చూసింది.

"పీచు వచ్చింది. ఎలా తెచ్చారో గానీ వచ్చింది. పీచుకి అడ్డంగా కోశారు, అందుకే మెత్తగా ఉంది. నిలువుగా కోసుంటే జోడు తోలు నమిలినట్టుండేది. లోపలున్న వంటాయనకి కత్తి తెలుసు."

"బాగుందా అమ్మా?" అంది కోడలు.

"మాంసం కాదు. కాకపోతే మాంసం మీద గౌరవం ఉన్నవాడు చేశాడు." అని నోట్లో పెట్టుకుంది. నమిలింది. రెండో ముక్క తీసుకుంది. అదీ మెచ్చుకోలు.

ఆ తర్వాత వరసగా గిన్నెలు వస్తూనే ఉన్నాయి. ప్రతి గిన్నె ముందు మా వియ్యపురాలి చేతికి వస్తుంది. అందులో బాగా కాలిన ముక్క, మెత్తని ముక్క ఏరి నా పళ్లెంలో వేస్తుంది. "తినండి వదినగారూ, మీకు పళ్లు బాగాలేవు, ఇది మెత్తగా ఉంది." తర్వాత అల్లుడికి, కూతురికి. ఆ తర్వాత గిన్నె బల్ల మధ్యలో పెట్టేస్తుంది. చివర కూర్చున్న పిచ్చుకకి అది అందదు. పిచ్చుక అడగదు. ముందు వచ్చిన రొట్టె ముక్కని చారులో ముంచుకుని తింటోంది. మా కోడలు రెండుసార్లు గిన్నె అటు జరిపింది, రెండుసార్లూ వియ్యపురాలి మోచెయ్యి తగిలి ఇటు వచ్చేసింది.

నా పళ్లెం నిండిపోయింది. ఒక ముక్క మీద ఇంకో ముక్క. తింటే తప్పు, వదిలేస్తే తప్పు. పొగ వాసన నాకు నచ్చింది, అది ఇంకో తప్పులా అనిపించింది.

"రేపు పొద్దున్నే వచ్చేస్తాను" అంది వియ్యపురాలు నాతో. ఒకరు ఖాళీ చేశాక కదా అన్న మాట పైకి అనలేదు.

"నేను ఈ సాయంత్రమే పోతాను" అంది పిచ్చుక చివర్నుంచి. "మిషను మోయడానికి మనిషిని మాట్లాడాను."

"ఇదిగో, వదినగారూ" అన్నాను నేను. గొంతు వచ్చింది. సరిగ్గా అప్పుడే పాప చెంచా కింద పడేసి ఏడుపు లంకించుకుంది. దాన్ని అందరం కలిసి ఊరుకోబెట్టాం. నేను అందరికంటే ఎక్కువ ఊరుకోబెట్టాను.

చెవి మీద కలం ఆయన తొడ ముక్కల గిన్నె తెచ్చి పెట్టాడు. పాపం, ఆయనకేం తెలుసు, మర్యాదకే అడిగాడు.

"ఎలా ఉన్నాయమ్మా? కొత్తగా వచ్చినవాళ్లకి నీచు వాసన వస్తుందేమోనని భయం ఉంటుంది. మా దగ్గర ఆ బెడద లేదు."

వియ్యపురాలు చెంచా కింద పెట్టింది.

"బాబూ, నన్నెందుకు అడుగుతావు. ఆ వాసన పట్టడంలో ఆరితేరినావిడ అదిగో, ఆ చివర ఉంది. ఎన్ని నీళ్లతో కడిగినా పట్టేస్తుంది. ఆవిణ్ణే అడుగు."

ఆయన అమాయకంగా పిచ్చుక వైపు తిరిగాడు. పిచ్చుక రొట్టె ముక్క కింద పెట్టి, చిన్నగా నవ్వి, "బాగున్నాయండీ. ఏ వాసనా లేదు" అంది. అప్పటికి ఆమె పళ్లెంలో ఒక్క ముక్క కూడా పడలేదు.

ఆయన వెళ్లిపోయాడు. నా చేతిలో ముక్క అలాగే ఉంది. పళ్లెంలో పెట్టి, వేళ్లు తుడుచుకుని, చెప్పేశాను.

"ఆ మాట అన్నది పిచ్చుక కాదు వదినగారూ. నేను."

ఎవరూ ఉలిక్కిపడలేదు. మా అబ్బాయి నిట్టూర్చాడు. "అమ్మా, వద్దమ్మా. అత్త వెళ్లిపోతోందని నీకు బాధగా ఉంది, తెలుసు. అందుకని నెత్తిన వేసుకోకు."

"నేనేరా అన్నది."

"వదిన అంతే" అంది పిచ్చుక గబుక్కున. "నాకోసం ఏదైనా అంటుంది. అన్నది నేనే, నాలుగేళ్ల కిందటే ఒప్పుకున్నాను, మళ్లీ ఇప్పుడెందుకు."

వియ్యపురాలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా భుజం మీద చెయ్యి వేసింది. "ఎంత పెద్ద మనసు వదినగారూ మీది. ఆడపడుచు కోసం ఇంత మాట మీద వేసుకునే వాళ్లని ఎక్కడా చూళ్లేదు" అని గిన్నెలోంచి ఇంకో ముక్క తీసి నా పళ్లెంలో వేసింది.

ఆ ముక్క వైపు చూస్తూ కూర్చున్నాను. నాలుగేళ్లలో నేను కూడబెట్టుకున్న మంచితనం అంతా నాకే అడ్డం వచ్చి కూర్చుంది. నిజం చెప్తే నమ్మేవాళ్లు లేరు. ఇక ఊరుకోవచ్చు అనిపించింది కూడా. చెప్పాను, నమ్మలేదు, నేనేం చేయను. ఆ సందు కనిపించింది నాకు, అందులోంచి దూరిపోవాలని ఒక్క నిమిషం మనసు లాగింది. ఆ సంగతి దాచడం ఎందుకు.

"ఆ రోజు మీకు వినపడిన మాటలు ఏవి?" అన్నాను.

"ఇప్పుడెందుకండీ అది."

"చెప్పండి."

"ఎన్ని నీళ్లు పోసుకుంటే మాత్రం ఆ నీచు ఎక్కడికి పోతుంది." అక్షరం పొల్లుపోకుండా చెప్పింది, నేల చూపులు చూస్తూ. "అందరికీ తెలిసిందే కదా."

"దానికి ముందు ఒకటుంది. అది మీరు ఎవరికీ చెప్పలేదు. మా అబ్బాయికి కూడా చెప్పలేదు. వాడు ఎప్పుడూ అనలేదు దాన్ని గురించి."

వియ్యపురాలి చెయ్యి నా భుజం మీద నుంచి జారింది.

నేను ముఖం గోడవైపు తిప్పుకున్నాను. ఆవిడ ముఖం చూస్తూ చేయలేను. ఆ రోజు ఎలా నవ్వానో అలాగే, ముక్కుతో ఆ చిన్న నవ్వు నవ్వాను. "ఎన్ని నీళ్లు పోసుకుంటే మాత్రం, ఆ నీచు ఎక్కడికి పోతుంది" అన్నాను. నాలుగేళ్లయినా గొంతు మారలేదు. ఒకసారి అన్నది చాలదన్నట్టు, నమ్మించడానికి రెండోసారి ఆవిడ పక్కనే కూర్చుని అనాల్సి వచ్చింది. పక్క బల్ల దగ్గర లారీ డ్రైవరొకడు తినడం ఆపి చూశాడు.

గోడవైపు నుంచి ఇటు తిరిగాను.

"ఆ నవ్వు" అంది వియ్యపురాలు. మామూలుగా చెప్పింది, కొట్టు దగ్గర బేరం చెప్పినట్టు. "ఆ మాట మా కొట్లో రోజుకి పదిసార్లు అంటాం. నీచు పోలేదు, ఇంకోసారి ఉప్పేసి కడగండి అని పనివాళ్లకి నేనే చెప్పేదాన్ని. మాంసం గురించి అంటాం. మనిషి గురించి అనం. అయినా మాట మర్చిపోయేదాన్నేమో. ఆ నవ్వు మర్చిపోలేకపోయాను. ఇంటికెళ్లి మళ్లీ స్నానం చేశాను ఆ రోజు. మర్నాడు కూడా రెండుసార్లు చేశాను."

మా అబ్బాయి నా వైపు చూశాడు. నాలుగేళ్ల కిందట ఏ చూపు తప్పించుకున్నానో అదే చూపు. వడ్డీతో వచ్చింది.

"మీ కంట్లో చుక్కలు వేస్తుంటే చెప్పలేదు మీరు" అంది వియ్యపురాలు. "మూడు రోజులు పక్కనే కూర్చున్నాను."

"చెప్పలేదు" అన్నాను.

"ఆవిణ్ణి అన్నేసి మాటలు అంటుంటే విన్నారు. ఫోన్లో. రోజూ."

"విన్నాను."

"అవునవును అని కూడా అన్నారు ఒకసారి."

అన్నాను. అదీ నిజమే. ఆ ఒకసారి నాకూ గుర్తుంది.

ఆవిడ లేచింది. వెళ్లిపోతుందనుకున్నాం. కోడలు కూడా సగం లేచింది. ఆవిడ మాత్రం తొడ ముక్కల గిన్నె రెండు చేతులతో ఎత్తుకుని, బల్ల చుట్టూ తిరిగి, చివరికెళ్లి నిలబడింది. పిచ్చుక పళ్లెంలో ఒక ముక్క వేసింది, ఇంకోటి వేసింది.

"తినండి" అంది. "నాలుగేళ్లు మిమ్మల్ని..." అని ఆగిపోయింది.

"మీరు నన్ను ఏమీ అనలేదండీ" అంది పిచ్చుక. "ఆ మాట అన్నావిణ్ణి అన్నారు. నేను మధ్యలో కూర్చున్నాను, అంతే."

తర్వాత నా వైపు తిరిగింది. ఆమె కళ్లల్లో కోపం నేను ఎప్పుడూ చూడలేదు. నలభై ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి.

"చెప్పేముందు నన్ను అడగాలని తోచలేదా వదినా? అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. నీకు బరువైనప్పుడు నా నెత్తిన పెట్టావు, నీకు మోయబుద్ధేసినప్పుడు తీసుకున్నావు."

మంచి పని చేశానని ఒక్క నిమిషం లోపల్లోపల పొంగిపోయి ఉన్నాను, అది అక్కడికక్కడే ఇంకిపోయింది.

వియ్యపురాలు కుర్చీ లాక్కుని పిచ్చుక పక్కనే కూర్చుంది, దారికి అడ్డంగా. వడ్డించే ఆయన వచ్చి పక్కకి జరగమనబోయి, ఆవిడ ముఖం చూసి చుట్టూ తిరిగి వెళ్లాడు.

"నేను వస్తాను" అంది ఆవిడ కూతురితో. "పిల్ల కోసం వస్తాను. ఈవిడ గది ఈవిడదే, ఎక్కడికీ పోనక్కర్లేదు. మిషను మోసేవాడికి వద్దని చెప్పండి. నాకు మాత్రం పడుకోవడానికి ఒక గది కావాలి."

ఇంట్లో ఉన్నవి మూడు గదులు. ఒకటి పిల్లలది, ఒకటి పిచ్చుకది. ఎవరూ నా వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేకుండా నేనే అన్నాను, "నా గది తీసుకోండి. నేను హాల్లో పడుకుంటాను."

వద్దులెండి, ఎందుకులెండి అని ఎవరైనా అంటారు మామూలుగా. ఆవిడ "సరే" అంది.

మిగిలిన ముక్కలు పొట్లం కట్టించుకుంటారా అని వడ్డించే ఆయన అడిగాడు. ఎక్కువ మిగిలింది నా పళ్లెంలోనే. ఎంగిలి కదా, కట్టరు. తినమని ఇక ఎవరూ చెప్పలేదు గానీ, నేనే కూర్చుని ఒక్కొక్కటీ తిన్నాను, అందరూ మెట్లు దిగి వెళ్లాక. మా అబ్బాయి మాత్రం తలుపు దగ్గర నిలబడ్డాడు. లిఫ్టు పిలిచి ఉంచాడు. లోపల మేమిద్దరమే. ఏమైనా అంటాడేమోనని చూశాను. అంకెల వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆవిడ వచ్చి ఇప్పటికి రెండు నెలలు. పాప ఆవిడ చంక దిగదు. మధ్యాహ్నాలు పిచ్చుక గదిలో కూర్చుని గుండీలు రంగుల వారీగా ఏరి పెడుతుంది, ఇద్దరూ ఏవేవో చెప్పుకుని నవ్వుకుంటారు. ఎవరి గురించోనని నేను చెవి ఒగ్గను. పిచ్చుక నాతో మాట్లాడుతుంది, కూరలో ఉప్పు గురించి, పాలవాడి గురించి. నా కాళ్లకి నూనె రాయడం మాత్రం మానేసింది. వియ్యపురాలు నన్ను వదినగారూ అనడం మానేసింది. "ఏమండీ" అంటుంది, అద్దెకున్నవాళ్లని పిలిచినట్టు.

పోయిన వారం నేనే వెళ్లి చెప్పాను. "మీకు తినాలనిపిస్తే ఇంట్లోనే వండుకోండి. ఎన్నాళ్లని నోరు కట్టుకుంటారు."

"వండుకుంటాను. మీరు చెప్పారని కాదు, నాకు తినాలనిపించినప్పుడు" అంది.

నిన్న ఆదివారం వండింది. కోడలూ వాళ్లమ్మా కలిసి తలుపు వేసుకుని వండుకున్నారు. అయినా వాసన హాల్లోకి వచ్చింది. నాకు నిజంగానే పడలేదు, ఆ మాట ఇంకొకలా చెప్పడం నాకు చేతకాదు. గాలి కోసం హాలు బయటి కిటికీ తీద్దామని దగ్గరికి వెళ్లాను. రెక్క మీద చెయ్యి వేశాను. వేసి, తీయకుండా వచ్చి మంచం మీద కూర్చున్నాను.

ఆవిడ వంటింట్లోంచి గరిటెతో బయటికి వచ్చింది. నన్ను చూసింది, మూసి ఉన్న కిటికీని చూసింది.

"కిటికీ తీసుకోండి."

"ఫరవాలేదండీ, నాకేం ఇబ్బంది లేదు" అన్నాను.

"మళ్లీ అబద్ధమెందుకు, తీసుకోండి" అని లోపలికి వెళ్లిపోయింది.

లేచి తీశాను.